కరెంటుకు లెక్కుంది, చేపకేదీ?

కోరాపుట్ జిల్లా లమ్తపుట్ బ్లాకులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి పనిచేస్తోంది. ఆరు యూనిట్లు, 120 మెగావాట్ల సామర్థ్యం, ఇద్దరు యజమానులు. తొలి ఒప్పందం ప్రకారం ఆంధ్రకు 70 శాతం, ఒడిశాకు 30 శాతం కరెంటు. తర్వాత ఒడిశా తన వాటాను సగానికి పెంచుకునే హక్కు తెచ్చుకుంది. ఏ యూనిట్ ఎన్ని గంటలు తిరిగింది, మరమ్మతు ఖర్చు ఎవరెంత భరించాలి, జోలాపుట్ జలాశయంలో ఇవాళ నీటిమట్టం ఎంత అన్నవి రెండు రాష్ట్రాల ఇంజినీర్లకూ కంఠతా. దిగువన బలిమెల నీళ్లు చెరిసగం. వాటాలో తేడా వస్తే ఉత్తరాలు నడుస్తాయి, సమావేశాలు జరుగుతాయి. ఇదే నదిలో చేప ఏమైందన్న ప్రశ్నకు మాత్రం రెండు రాష్ట్రాలూ ఒకచోట కూర్చుని సరిచూసుకునే పద్దు లేదు. జలాశయాల్లో ఎన్ని చేపపిల్లలు వదిలామో ఎవరికి వారు రాసుకోవడం ఖర్చు ఖాతాయే తప్ప చేపల లెక్క కాదు. డెబ్బై ఏళ్లలో నది ఏం పోగొట్టుకుంది, ఏం మిగిలింది, మిగిలినదాన్ని నిలబెట్టుకోవాలంటే ఏం చేయాలి అన్నదే అసలు లెక్క. ఆనకట్టల యజమానులు ఆ లెక్క ఒంటరిగా వేయలేరు. వేసినా ఎవరూ నమ్మరు. మనిషి చేసిన మార్పులు చేపలను ఎలా దెబ్బతీస్తున్నాయో దేశాలు కలిసి తేల్చిన అనుభవం ప్రపంచంలో చాలా ఉంది. ఆ అనుభవాన్ని మాచ్‌ఖండ్‌కు రప్పించుకోవాలి, అదీ మన షరతుల మీద.

ఈ నది స్వభావమే ఉమ్మడి. మాడుగుల కొండల్లో పుట్టి, పాడేరు మన్యంలో మత్స్యగెడ్డగా పారి, జోలాపుట్ దగ్గర జలాశయమై, డుడుమ దగ్గర సుమారు 175 మీటర్ల లోతుకు దూకి, బలిమెల చేరుతుంది. ఆ తర్వాత సీలేరుగా ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలను తిప్పి, మోటు దగ్గర శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరి అవుతుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోదే. గీసిన సరిహద్దు మనుషులకు తెలుసు గాని, నీళ్లకు తెలియదు. పక్కనున్న రాయగడ జిల్లాదీ అదే పరిస్థితి. అటువైపు కొండల నుంచి దిగే నాగావళి, వంశధారలు శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. వంశధార మీద 2010లో ట్రైబ్యునల్ వేశారు, 2017లో తీర్పు వచ్చింది. అంతకాలమూ వాదన సాగింది నీటి పరిమాణం చుట్టూనే. గోదావరి జలాల మీద బచావత్ ట్రైబ్యునల్ 1980లో ఇచ్చిన తీర్పూ నీటిని టీఎంసీల్లోనే పంచింది. టీఎంసీ అంటే పరిమాణం. ఆ నీరు ఏ నెలలో వస్తుంది, ఎంత చల్లగా వస్తుంది, పారుతుందా నిలుస్తుందా అన్నది టీఎంసీ చెప్పదు. చేప బతుకు మొత్తం ఆ చెప్పని సంగతుల మీదే ఆధారపడి ఉంటుంది.

మాచ్‌ఖండ్ విషయంలో ఆనకట్టను సమర్థించేవారి దగ్గర ఒక గట్టి వాదన ఉంది. డుడుమ జలపాతమే పెద్ద గోడ, కింది చేప పైకి ఎక్కే వీలు అక్కడ ఎన్నడూ లేదు, అలాంటప్పుడు ఆనకట్ట కొత్తగా తెచ్చిన నష్టం ఏమిటి అని వారు అడుగుతారు. ఇది తోసిపారేయదగ్గ ప్రశ్న కాదు. జలపాతం పైభాగంలోని చేపలు, కింది భాగంలోని చేపలు వేల ఏళ్లుగా విడివిడిగా బతికినవే. కాబట్టి ఎక్కడం ఆగిపోయిందన్న ఫిర్యాదు ఇక్కడ చెల్లదు. అయితే ఆనకట్ట చేసే పని దారి మూయడం ఒక్కటే కాదు. తూర్పు కనుమల సెలయేళ్లలో నోటి వెనుక గుండ్రటి అతుకుబిళ్లతో రాతిని పట్టుకుని, దాని మీది పాచిని గీరి తినే చిన్న చేపలుంటాయి. వాటికి పారే నీరు, కడిగిన రాయి, నీటిలో దండిగా ప్రాణవాయువు కావాలి. జోలాపుట్ దగ్గర నది సరస్సుగా మారినచోట రాళ్ల మీద బురద పేరుకుంటుంది, ఆ చేపకు చోటు ఉండదు. డుడుమ దగ్గర మళ్లించిన నీరు పెన్‌స్టాక్ గొట్టాల గుండా ఒనకడిల్లి పవర్‌హౌస్‌కు దిగుతుంది. అంటే మళ్లింపు కట్టకూ పవర్‌హౌస్‌కూ మధ్యనున్న పాత నదీమార్గానికి దక్కేది మిగులు నీరే. పవర్‌హౌస్ దాటాక ప్రవాహం రుతువును బట్టి గాక కరెంటు గిరాకీని బట్టి పెరిగి తగ్గుతుంది. సాయంత్రం టర్బైన్లు తిరిగితే ఒడ్డు మునుగుతుంది, ఆగితే తేలుతుంది. ఒడ్డు పక్క లోతు లేని నీళ్లలో పెట్టిన గుడ్లు ఆ మధ్యలో ఎండిపోతాయి. ఈ మూడు నష్టాల్లో ఏది ఎంత, ప్రకృతి పెట్టిన గోడ వాటా ఎంత, మనిషి కట్టిన గోడ వాటా ఎంత అన్నది ఊహించి చెప్పేది కాదు. కొలిచి విడదీయాలి.

కొలవడానికి మనవాళ్లు చాలరా అన్నది తర్వాతి ప్రశ్న. బరాక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ 1947 నుంచి ఉంది. మంచినీటి చేపల పెంపకం మీద పనిచేసే జాతీయ సంస్థ భువనేశ్వర్ శివార్లలోనే ఉంది. ప్రతిభకు లోటు లేదు. విదేశీ శాస్త్రవేత్త వస్తేనే మన నది అర్థమవుతుందనుకోవడం బానిస బుద్ధే. లోటు ఉన్నది తటస్థతలో. ప్రభుత్వ ఆనకట్ట మీద ప్రభుత్వ సంస్థ ఇచ్చిన నివేదికను ఎగువ రాష్ట్రం ఒకలా, దిగువ రాష్ట్రం ఒకలా చదువుతాయి. ముంపు బాధితులు అసలు నమ్మరు. ఇద్దరు యజమానులకూ చెందని మూడో చేయి పరిశోధనలో ఉంటే తప్ప ఫలితానికి విలువ రాదు. ఐరోపా ఈ పాఠాన్ని చేపల దగ్గరే నేర్చుకుంది. నార్వే, స్వీడన్ సరస్సుల్లో, నదుల్లో చేపలు అంతరించిపోతుంటే కారణం మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. 1967లో స్వాంటే ఓడెన్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త, వేరే దేశాల పొగ గొట్టాల గంధకమే ఆమ్ల వర్షంగా మా సరస్సుల్లో కురుస్తోందని ఒక దినపత్రికలో రాశాడు. బ్రిటన్ విద్యుత్ యంత్రాంగం ఏళ్ల తరబడి దాన్ని ఒప్పుకోలేదు. చివరికి 1983లో ఒక అరుదైన ఏర్పాటు జరిగింది. బ్రిటన్ విద్యుదుత్పత్తి బోర్డు, బొగ్గు బోర్డు కలిసి 50 లక్షల పౌండ్లు ఇచ్చాయి. ఆ డబ్బుతో పరిశోధన నడిపే పెత్తనం మాత్రం లండన్ రాయల్ సొసైటీ, నార్వే, స్వీడన్ శాస్త్ర అకాడమీల చేతుల్లో పెట్టారు. ఆమ్లజలం నేలలోని అల్యూమినియాన్ని కరిగించి తెస్తుందని, అది మొప్పల మీద పేరుకుని చేపకు ఊపిరాడనివ్వదని ఆ కాలపు పరిశోధనలు తేల్చాయి. అధ్యయనం ఇంకా నడుస్తుండగానే 1986లో బ్రిటన్ బోర్డు తన కేంద్రాల్లో గంధకాన్ని వడకట్టే యంత్రాలు పెడతానని ప్రకటించింది.

ఆ ఉదంతంలో మనకు పనికొచ్చేవి రెండు. మొదటిది, నష్టం చేసినట్టు అనుమానం ఉన్న సంస్థ డబ్బు ఇచ్చింది, తీర్పు మాత్రం ఇవ్వలేదు. రెండోది, నిజం తెలియడానికి శత్రుత్వం అక్కర్లేదని రుజువైంది. బ్రిటన్ శాస్త్రవేత్తలూ నార్వే శాస్త్రవేత్తలూ ఒకే సరస్సు ఒడ్డున ఒకే సీసాలో నీళ్లు పట్టి, ఒకే పద్ధతిలో పరీక్షించారు. అంకెలు ఒకటే అయినప్పుడు వాదన అంకెల మీద ఆగి, ఏం చేయాలన్న దాని మీదికి మళ్లుతుంది. ఆంధ్ర, ఒడిశాలకు మాచ్‌ఖండ్ దగ్గర ఇదే కావాలి. కరెంటు వాటాలు కలిసి పంచుకునే యంత్రాంగం ఇప్పటికే ఉంది. ఉత్పత్తి ఖర్చులో ఒక చిన్న పాలు నది అధ్యయనానికి పక్కన పెట్టడం కష్టం కాదు. ఆ డబ్బు రెండు రాష్ట్రాల శాస్త్ర సంస్థలకూ, ఉష్ణమండల నదుల మీద పనిచేసిన బయటి విశ్వవిద్యాలయాలకూ కలిపి అప్పగించాలి. నివేదిక మీద ఏ విద్యుత్ సంస్థకూ వీటో ఉండకూడదు.

పరిశోధనకు ఈ నది అనుకూలమైన చోటు కూడా. నది మీద మనిషి చేసిన మార్పును తూచాలంటే, మార్పు తక్కువ జరిగిన చోటు ఒకటి పోల్చుకోవడానికి కావాలి. మత్స్యగెడ్డ మీద, జోలాపుట్‌కు ఎగువన, హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. అక్కడ చేపను దైవంగా కొలుస్తారు, శివరాత్రికి తీర్థం జరుగుతుంది, గుండంలో వల వేయరు. భక్తికి ఇది క్షేత్రం, శాస్త్రానికి ఇది తరతరాలుగా వేట లేని మడుగు. ఇలాంటి మడుగుల విలువ ఏమిటో థాయ్‌లాండ్‌లో తేలింది. మయన్మార్ సరిహద్దు దగ్గర సాల్వీన్ పరీవాహకంలోని ఒక చిన్న నది పొడవునా కరెన్ గిరిజన గ్రామాలు తమ ఊరి పక్క నదిలో కొంత మేర వేట నిషేధించుకున్నాయి. అలాంటి 23 చోట్లను అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు గ్రామస్తులతో కలిసి పరిశీలించి, 2020లో నేచర్ పత్రికలో ప్రచురించారు. పక్కనే వేట సాగే భాగాలతో పోలిస్తే నిషేధ భాగాల్లో చేప జాతులు 27 శాతం ఎక్కువ. చేపల మొత్తం బరువు 20 రెట్లకు పైగా ఎక్కువ. పెద్ద సర్కారు పథకం లేదు, కంచె లేదు. ఊరి కట్టుబాటు ఒక్కటే. బయటి శాస్త్రవేత్తలు వచ్చి చేసింది ఆ కట్టుబాటు ఫలితాన్ని ప్రపంచం కాదనలేని అంకెల్లో పెట్టడం. మత్స్యగుండం, జోలాపుట్, డుడుమ దిగువ, బలిమెల, సీలేరు — ఒకే నది మీద వేట లేని మడుగు, సరస్సు, నీరు తగ్గిన దారి, గంట గంటకూ మారే ప్రవాహం వరుసగా దొరికే చోటు ఇది. దీన్ని చదవకుండా వదిలేయడం మన నిర్లక్ష్యం.

డెబ్బై ఏళ్ల తర్వాత ఇప్పుడు లెక్క మొదలుపెట్టి ఏం లాభం, ఆనకట్టకు ముందు ఏముందో ఎవరికి తెలుసు అని అడిగేవారున్నారు. ముందుగా లెక్కించి ఉంటే ఎంత మేలో విక్టోరియా సరస్సు చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ బృందం 1970ల చివర్లో టాంజానియా సంస్థలతో కలిసి అక్కడి చిన్న చేపల జాతులను నమోదు చేయడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకే, మనిషి తెచ్చి వదిలిన నైల్ పెర్చ్ అనే వేటచేప విజృంభించి వందల జాతులను తుడిచిపెట్టింది. ముందు రాసుకున్న లెక్క ఉండబట్టే పోయింది ఏమిటో తెలిసింది. మనకు ఆ భాగ్యం లేదు, నిజమే. అయితే చేప తన చరిత్రను తానే మోస్తుంది. తల లోపల, చెవి భాగంలో బియ్యపు గింజ పరిమాణంలో ఒక సున్నపు రాయి ఉంటుంది. చెట్టు మొదలులోలాగే దాంట్లో ఏటా వలయాలు పడతాయి. దాన్ని పలచగా అరగదీసి లేజర్‌తో పరీక్షిస్తే, ఏ వయసులో ఆ చేప ఉప్పునీటిలో ఉంది, ఏ వయసులో మంచినీటిలో ఉంది, ఏ ఏడాది సరిగా ఎదగలేదు అన్నది బయటపడుతుంది. గోదావరి పులస సముద్రం నుంచి ఎంత దూరం ఎక్కివచ్చిందో తేల్చడానికి పనికొచ్చే పద్ధతి ఇదే. ఇక నీటిలో రాలిన పొలుసు, జిగురు నుంచి జన్యుపదార్థాన్ని పట్టి ఏ జాతులున్నాయో చెప్పే పద్ధతి వచ్చింది. వలకు చిక్కని చేప కూడా లీటరు నీటిలో దొరుకుతుంది. పాతకాలపు నమూనాలు మ్యూజియంలలో ఉన్నాయి. గదబ, పరజ, దిదాయి తెగల పెద్దల జ్ఞాపకాలున్నాయి. ఏ ఒక్కటీ పూర్తి సాక్ష్యం కాదు. అన్నీ కలిపి చదివితే పాత నది రూపురేఖలు తెలుస్తాయి. ఆ ప్రయోగశాలలూ నమూనాలూ వేర్వేరు దేశాల్లో ఉన్నాయి కాబట్టే కలిసి పనిచేయాలి.

ఇంకొందరు వాదన మార్చి, జలాశయం వల్ల చేప తగ్గలేదు, పెరిగింది అంటారు. టన్నుల్లో చూస్తే అది నిజమే కావచ్చు. ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారంతో కార్పు చేపలకు గుడ్లు పెట్టించిన తర్వాత, పారే నది లేకుండా కూడా చేపపిల్ల దొరకడం సాధ్యమైంది. కొల్లేరు చుట్టూ చెరువుల సంపద ఆ విజయం మీదే నిలిచింది. ఆ విద్యకు మూలం 1930లలో బ్రెజిల్, అర్జెంటీనాల్లో జరిగిన ప్రయోగాలన్నది మరవకూడదు. చేపల శాస్త్రం ఏనాడూ ఒక దేశపు సొత్తు కాదు. అదే విద్యతో ఇప్పుడు జలాశయాల్లో బొచ్చె, శీలావతి పిల్లల్ని వదులుతున్నారు. ఆఫ్రికా నుంచి వచ్చిన తిలాపియా పిలవకుండానే చేరుతోంది. కానీ బొచ్చె సంతలో అమ్ముడుపోయే చేప, పరిగె ఇంట్లో వండుకునే చేప. ముల్లూ తలా కళ్లూ సహా నమిలి తినే చిన్న చేపలో సున్నం, ఇనుము, విటమిన్ ఎ పెద్ద చేప ముక్కలో కన్నా ఎక్కువ. బంగ్లాదేశ్‌లో ఇది తేలాకే వరల్డ్‌ఫిష్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో ఒడిశా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, చిన్న చేపను తల్లీపిల్లల ఆహారంలోకి తేవడం మీద పనిచేసింది. లెక్కలో టన్నులు పెరిగి, గిన్నెలో పరిగె తగ్గితే దాన్ని లాభమనలేం. కొండగెడ్డల్లో, వాటి పక్క ఝోలా వరిమడుల్లో పట్టుకునే చిన్న చేప ఏ మత్స్యశాఖ రిజిస్టరులోనూ ఎక్కదు. అధ్యయనం మొదట అడగాల్సింది దాని గురించే.

విదేశీ భాగస్వామ్యం మీద అన్నింటికన్నా బలమైన అభ్యంతరం దోపిడీ భయం. అది ఊరికే పుట్టిన భయం కాదు. 1803లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం విశాఖ తీరంలో సేకరించిన 200 చేపలను బొమ్మలతో వర్ణించింది. రాసినవాడు ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్. చేపల కింద స్థానిక పేర్లున్నాయి. ఆ పేర్లు చెప్పింది ఇక్కడి బెస్తలు, జాలర్లు. కీర్తి దక్కింది రస్సెల్‌కు, పుస్తకం దక్కింది లండన్‌కు. నేటికీ ఉష్ణమండల దేశాల్లో నీళ్లు, పొలుసులు పట్టుకుపోయి, పత్రంలో స్థానికుడి పేరు కృతజ్ఞతల పంక్తికి పరిమితం చేసే అలవాటు పోలేదు. దీనికి విరుగుడు తలుపు మూసుకోవడం కాదు, తాళంచెవి మన దగ్గర పెట్టుకోవడం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది. జీవవనరుల లాభాల పంపకం మీద 2010 నాటి నగోయా ఒప్పందం ఉంది. జీవవైవిధ్య సదస్సుకు 2012లో ఆతిథ్యమిచ్చింది హైదరాబాదే. ఈ చట్రంలోనే షరతులు రాయవచ్చు. నమూనాలో సగం ఇక్కడే ఉండాలి. సమాచారం మొత్తం అందరికీ తెరిచి, ఒడియాలోనూ తెలుగులోనూ పెట్టాలి. దేశియా మాట్లాడే ఊళ్లలో చదివి వినిపించాలి. ముంపు గ్రామాల యువతకు కొలతల పని జీతంతో ఇవ్వాలి, పరిశోధన పత్రాల్లో రచయితలుగా పేర్లు వేయాలి. జోలాపుట్ ముంపులో భూమి పోగొట్టుకున్న వేలమంది వారసులకు నది మీద కనీసం జ్ఞానంలోనైనా వాటా దక్కాలి.

చివరిగా, చేపల కోసం కరెంటు ఆపమంటారా అని అడుగుతారు. ఎవరూ ఆపమనడం లేదు. లావోస్‌లో మెకాంగ్ ఒడ్డు సాగునీటి కట్టల మీద ఆస్ట్రేలియా పరిశోధకులు అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి, ఖర్చు తక్కువైన చేపల మెట్లు పరీక్షించి కట్టారు. కట్టలు అలాగే ఉన్నాయి, చేపకూ దారి దొరికింది. డుడుమ దగ్గర మెట్లు కట్టడం అర్థంలేని పని. ఇక్కడి పరిష్కారం వేరే కావచ్చు: గుడ్లు పెట్టే వారాల్లో టర్బైన్లను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించడం, పాత నదీమార్గానికి ఏడాది పొడవునా కొంత నీరు వదలడం, కొన్ని ఉపగెడ్డల నోళ్లను వేట నిషేధ భాగాలుగా ఊళ్లకు అప్పగించడం. ఏది పనిచేస్తుందో కొలవకుండా చెప్పలేం. ఇప్పుడే కొలవాలనడానికి ఒక తొందర కారణం కూడా ఉంది. ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రం తలపెట్టారు. ఇలాంటి కేంద్రం నీటిని రోజూ పైకి తోడి కిందికి వదులుతుంది. సౌర విద్యుత్తును దాచుకోవడానికి అది అవసరం కావచ్చు, కానీ జలాశయపు ఒడ్డు రోజూ ఊగిసలాడుతుంది. జోలాపుట్ కట్టినప్పుడు ముందస్తు లెక్క తప్పిపోయింది. సీలేరు దగ్గర ఆ అవకాశం ఇంకా మన చేతిలోనే ఉంది.

వలసచేపల మీద 2024లో వచ్చిన ప్రపంచ నివేదిక, 1970 తర్వాత పరిశీలనలో ఉన్న మంచినీటి వలసచేపల సమూహాలు సగటున 81 శాతం తగ్గాయని చెప్పింది. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా నదుల సమాచారం తక్కువగా ఉందని రాసినవారే ఒప్పుకున్నారు. లెక్కలోకి రాని నదులకు రక్షణ ప్రణాళికల్లోనూ చోటు దొరకదు. ఎవరి నిధుల మీదో ఆధారపడితే ఏమవుతుందో 2025లో అమెరికా సహాయ సంస్థ మూతపడినప్పుడు ఎన్నో దేశాల పరిశోధకులు చూశారు. కాబట్టి బయటి నుంచి మనం తెచ్చుకోవాల్సింది నైపుణ్యం, పద్ధతి, తటస్థత. డబ్బు మాత్రం ఈ నది తిప్పే టర్బైన్ల నుంచే రావాలి. ఆంధ్ర, ఒడిశా విద్యుత్ సంస్థలు తదుపరి సమావేశపు ఎజెండాలో ఈ ఒక్క అంశం చేర్చి, పదేళ్లపాటు ఆగకుండా సాగే ఉమ్మడి అధ్యయనానికి సంతకం చేస్తే చాలు. కరెంటు కోసం ఒక్కటైన రెండు ప్రభుత్వాలు ఆ కరెంటు మూల్యం తెలుసుకోవడానికి ఒక్కటి కాలేమంటే, దానికి సాంకేతిక కారణం ఏదీ లేదు.